లోడు పెట్టి చూడాలి

తెలుగు కథల్లో, తెలుగు సినిమాల్లో సాయిబు ఎవరు? జట్కా తోలేవాడు, అత్తరు అమ్మేవాడు, తాయెత్తు కట్టేవాడు, మాంసం కొట్టేవాడు, పంక్చర్లు వేసేవాడు, మెకానిక్. నేను ఆ చివరివాణ్ణి. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని చేస్తాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇప్పటి కార్లలో ఉండే కంప్యూటర్ పెట్టెల మధ్య వైర్లలో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నా పని. 'ముస్లింగా నీ అనుభవం రాయి' అన్నారు ఈ పుస్తకం వేస్తున్న మిత్రులు. నాకు బాగా తెలిసింది ఈ పనే. దీని గురించే రాస్తాను. ముస్లింతనం దానంతటదే వస్తుంది. నేను పక్కన పెడదామన్నా నా షెడ్డుకి వచ్చేవాళ్ళు పెట్టనివ్వరు.

'మీ వాళ్ళకి ఈ పని రక్తంలోనే ఉంటుంది భాయ్' అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. మూడు చోట్ల తిరిగినా దొరకని తప్పు నా దగ్గర దొరికినప్పుడు ఆ మాట తప్పకుండా వస్తుంది. నేను నవ్వి ఊరుకుంటాను. రక్తంలో ఏముంది? మా దాదా జట్కా తోలాడు. రిక్షాలు, ఆటోలు వచ్చి జట్కాలు పోయాక ఇంట్లో గుర్రం పోయింది, తిండీ పోయింది. అబ్బాని పదకొండో ఏట లారీల వైరింగు చేసే ఒక ఉస్తాద్ దగ్గర చోటూగా పెట్టారు. జీతం లేదు. రెండు పూటలా తిండి, పండక్కి ఒక జత బట్టలు, పానా ఆలస్యంగా అందిస్తే వీపు మీద దెబ్బ. బడికి పోయే దారి మూసుకుపోయి, ఆఫీసుకి పోయే దారి ఎప్పుడూ తెరుచుకోక, మిగిలిన ఒక్క దారిలో నడిచాడాయన. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఇదే సంగతి లెక్కలతో చెప్పింది. ముస్లింలు నెలజీతం ఉద్యోగాల్లో తక్కువ, సొంతంగా చేసుకునే చిన్నచిన్న పనుల్లో ఎక్కువ అని. దాన్ని రక్తం అంటే ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు. చేపపిల్లకి ఈత నేర్పాలా అని ఊరుకోవచ్చు. మా పిల్లలకి బడి ఎందుకు, ట్రైనింగు ఎందుకు, సర్టిఫికెట్టు ఎందుకు, రక్తంలోనే ఉందిగా!

నన్ను మాత్రం అబ్బా ఐటీఐ చదివించాడు. సర్క్యూట్ బొమ్మ చూసి చదవడం మా ఇంట్లో నాతోనే మొదలు. ఆయన చెయ్యి, నా చదువు రెండూ కలిస్తేనే ఇవాళ్టి కారులో తప్పు దొరుకుతుంది. ఎలాగో చెబుతాను.

అబ్బా రోజుల్లో బండి వైరింగు అంటే ఒక ఫ్యూజు, ఒక స్విచ్చి, ఒక వైరు, ఒక బల్బు. హారన్ మోగకపోతే హారన్ వైరు పట్టుకుని పోతే సరిపోయేది. ఒక బల్బు, దానికి రెండు వైర్లు, చివర క్లిప్పులు. ఆ టెస్ట్ ల్యాంపే ఆయన సామానంతా. ఇప్పటి కారులో ఇంజనుకొక పెట్టె, బ్రేకులకొక పెట్టె, స్టీరింగుకొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి, లైట్లు తలుపులకొకటి, మీటరు బోర్డుకొకటి. వీటినే ఈసీయూలు అంటారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చిన్న కారులో కూడా ఇవి పెరిగాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే బండి నడవదు. చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో బ్రేకు పెట్టెకి తెలుసు. అది చెబితేనే మిగతా పెట్టెలకి తెలుస్తుంది.

ఒక్కో సంగతికి ఒక్కో వైరు లాగితే కారంతా వైర్లే అవుతాయి. అందుకని అన్ని పెట్టెల్నీ రెండే వైర్ల మీద కట్టేశారు. క్యాన్ లైను అంటాం. బాష్ కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది. 1993కల్లా అంతర్జాతీయ ప్రమాణంగా మారింది. రెండు వైర్లనీ జడలాగా మెలేసి పెడతారు. ఒకటి హై, ఒకటి లో. మాటలేనప్పుడు రెండూ రెండున్నర వోల్టుల దగ్గర ఉంటాయి. ఏదైనా పెట్టె మాట్లాడితే హై మూడున్నరకి లేస్తుంది, లో ఒకటిన్నరకి దిగుతుంది. ఆ తేడాయే మాట. లైనుకి రెండు చివర్లా నూట ఇరవై ఓములవి రెండు రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసి, స్కానర్ పెట్టే పోర్టులో ఆరో పిన్నుకీ పద్నాలుగో పిన్నుకీ మీటరు పెడితే రెండూ కలిసి అరవై చూపించాలి. నూట ఇరవై చూపిస్తే ఒక చివర తెగిందని అర్థం. సున్నా దగ్గర చూపిస్తే రెండు వైర్లూ ఎక్కడో అంటుకున్నాయని అర్థం.

ఈ లైనులో నాకు నచ్చేదొకటుంది. దీనికి యజమాని లేడు. ఏ పెట్టె అయినా మాట్లాడవచ్చు. ఒకటి మాట్లాడేది అన్నీ వింటాయి. రెండు ఒకేసారి మొదలుపెడితే ఎవరి కబురు ముఖ్యమో అదే ముందు పోతుంది, రెండోది ఆగి తర్వాత చెబుతుంది. పెట్టె పెద్దదా చిన్నదా అని చూడరు.

ఇక తప్పు సంగతి. బండిలో దీపాలన్నీ వెలిగి ఎవరైనా వస్తే ముందు స్కానర్ పెడతాం. కోడ్లు వస్తాయి. 'యు' అక్షరంతో మొదలయ్యే కోడ్లు మాటలు తెగిపోయినవి. ఉదాహరణకి యు-0121. బ్రేకుల ఏబీఎస్ యూనిట్‌తో సంబంధం పోయింది అని దాని అర్థం. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ మాట చెబుతున్నది ఎవరు? ఏబీఎస్ యూనిట్ కాదు. అది మౌనంగా ఉంది. చెబుతున్నవి ఇంజను పెట్టె, మీటరు పెట్టె, స్టీరింగు పెట్టె. 'వాడు మాతో మాట్లాడటం లేదు' అని నలుగురూ ఒకే మాట చెబుతున్నారు. నలుగురూ నిజమే చెబుతున్నారు. కానీ అది సాక్ష్యం. తీర్పు కాదు.

ఆ పెట్టెకి కరెంటు అందకపోవచ్చు. ఎర్త్ పోయుండవచ్చు. దాని దగ్గరికి వెళ్ళే రెండు వైర్లలో ఒకటి తెగి ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు, కప్లర్‌లో పిన్ను వెనక్కి జరిగి ఉండవచ్చు. ఇవన్నీ చూశాక, ఇవేవీ కాకపోతేనే, ఆఖర్న పెట్టె చెడిపోయిందనాలి. పనిలో పద్ధతి ఇది. కాని చాలాచోట్ల జరిగేది తలకిందులు. కోడ్‌లో ఎవరి పేరుందో వాణ్ణి పీకి అవతల పారేస్తారు. వైర్లు వెతకాలంటే సీట్లు తీయాలి, కార్పెట్ ఎత్తాలి, ఒంగోవాలి, గంటలు పడుతుంది. పెట్టె మార్చడం తేలిక. డబ్బు ఎలాగూ బండి ఓనరుదే.

కోడ్‌ని తీర్పు అనుకోవడం ఎలా ఉంటుందో మాకు షెడ్డులోనే తెలియనక్కర్లేదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్ళు జుమ్మా నమాజుకి వచ్చినవాళ్ళు. తర్వాత పోలీసులు పట్టుకెళ్ళిందీ ముస్లిం కుర్రాళ్ళనే. నెలల తరబడి జైల్లో ఉన్నాక కోర్టులు వాళ్ళని నిర్దోషులని వదిలేశాయి. తర్వాత కేసు వేరే దారి పట్టింది. ఆ దారిలో నిందితులైన వాళ్ళని కూడా 2018లో కోర్టు విడిచిపెట్టింది. తప్పు ఎక్కడుందో ఇవాళ్టికీ తేలలేదు. కాని 'కోడ్' మాత్రం ఆ సాయంత్రానికే చదివేశారు.

ఆ రోజుల్లో మా షెడ్డుకి కూడా ఇద్దరు మఫ్టీలో వచ్చారు. బల్ల మీద వైరు చుట్టలు, సోల్డరింగు ఐరన్, రిలేలు, విప్పిన ఒక టైమరు ఉన్నాయి. 'ఇవన్నీ ఏంటి?' అన్నారు. ఆటోనగర్‌లో కరెంటు పని చేసేవాడి బల్ల మీద ఉండేవే అవన్నీ. పక్క షెడ్డులోనూ అవే ఉన్నాయి. ఆ షెడ్డు వాళ్ళని ఎవరూ అడగలేదు. నేను ఒక్కొక్క వస్తువూ చేతిలోకి తీసుకుని, దీనిపేరిది, దీనితో చేసేపని ఇది అని చెప్పాను. అంతా విని, 'ఊరికే అడిగాంలే సాయిబూ' అని వెళ్ళిపోయారు. వాళ్ళకది ఊరికే. అబ్బా మాత్రం ఆ తర్వాత వారం రోజులు చీకటి పడకుండానే షట్టరు దింపించాడు.

మళ్ళీ బండ్ల దగ్గరికి వస్తాను. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళన్నీ నీళ్ళలో నిలబడ్డాయి. కార్లు, ఆటోలు, బైకులు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. నీళ్ళు పోయాక ఆటోనగర్‌లో కాలు పెట్టే సందు లేదు. పూర్తిగా మునిగిన బండి తప్పు వెంటనే కనబడుతుంది. సగం మునిగిన బండిది మోసం. ఎండబెడితే స్టార్టవుతుంది. తిరుగుతుంది. లోపల మాత్రం బురద నీళ్ళు రాగిని పచ్చగా తింటూ ఉంటాయి. నాలుగు నెలలు, ఆరు నెలలు పోయాక బయటపడుతుంది.

అలాంటి బండి ఒకటి సంక్రాంతి దాటాక వచ్చింది. మాస్టారిది. పేరు వద్దు. కాలేజీలో చెప్పి రిటైరయ్యారు. నా షెడ్డుకి పాతికేళ్ళ నుంచీ వస్తున్నారు. 1992 డిసెంబరు 6 తర్వాత మా ఊళ్ళో తీసిన శాంతి ఊరేగింపులో ముందు నడిచిన మనిషి. రంజాన్‌కి మా ఇంటికొచ్చి సేమ్యా తిని, అమ్మీ కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. బండిలో ఏబీఎస్ దీపం, హ్యాండ్ బ్రేకు దీపం, స్టీరింగు దీపం అన్నీ ఒకేసారి వెలుగుతున్నాయట. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే ఏబీఎస్ యూనిట్ పోయింది, మార్చాలి అన్నారట. చెప్పిన డబ్బు ఆయన రెండు నెలల పెన్షను. 'ఒక్కసారి నువ్వు చూడు భాయ్' అన్నారు.

స్కానర్ పెట్టాను. అదే యు-0121. ఇంజను పెట్టె చెబుతోంది, స్టీరింగు పెట్టె చెబుతోంది, మీటరు పెట్టె చెబుతోంది. బ్యాటరీ తీసి పోర్టులో ఆరుకీ పద్నాలుక్కీ మీటరు పెట్టాను. అరవై. అంటే పెద్ద లైను బాగుంది. మిగతా పెట్టెలన్నీ మాట్లాడుకుంటున్నాయి. ఇక ఏబీఎస్ కప్లర్ ఊడదీశాను. పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. లైను నుంచి కప్లర్ దాకా రెండు వైర్లూ తెగకుండా వస్తున్నాయి. బ్యాటరీ మళ్ళీ కలిపి కరెంటు పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు. ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య బీప్ పెట్టి చూస్తే 'బీప్' అంది. కరెంటు ఉంది, ఎర్త్ ఉంది, వైర్లున్నాయి. ఇక మిగిలింది పెట్టె ఒక్కటే కదా? పెద్ద వర్క్‌షాపు వాళ్ళూ ఇంతవరకు వచ్చి ఉంటారు. మీటరు ప్రకారం వాళ్ళు చెప్పింది సబబే.

అప్పుడు అబ్బా టెస్ట్ ల్యాంపు తీశాను. దానికి యాభై అయిదు వాట్ల హెడ్‌లైట్ బల్బు కట్టి ఉంటుంది. అదే రెండు పిన్నుల మధ్య పెట్టాను. తెల్లగా వెలగాల్సిన బల్బు ఆరిపోబోయే బొగ్గులాగా ఎర్రగా వెలిగింది. బల్బు వెలుగుతుండగా ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మీటరు పెట్టాను. అయిదు వోల్టుల పైన చూపించింది. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. ఒక వోల్టులో అయిదో వంతు ఉన్నా ఎక్కువే. పన్నెండులో దాదాపు సగం ఎర్త్ వైరులోనే చచ్చిపోతోంది.

మీటరు అబద్ధం చెప్పలేదు. అది అడిగిన ప్రశ్నే చాలా చిన్నది. వోల్టులు చూసేటప్పుడు మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. బీప్‌కి పంపేది కూడా పిసరంతే. ఇరవై పోగుల వైరులో పంతొమ్మిది పోగులు కుళ్ళిపోయి ఒకటి మిగిలినా అది పోతుంది, 'అంతా బాగుంది' అంటుంది. ఏబీఎస్ యూనిట్‌కి అది చాలదు. తాళం తిప్పగానే దానికి ప్రాణం వస్తుంది. పని మొదలుపెట్టబోగానే, కాస్త కరెంటు లాగగానే, ఎర్త్ లేచిపోతుంది, పెట్టె పడిపోతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. అందరూ 'వాడు మాట్లాడటం లేదు' అంటారు.

నల్ల వైరు పట్టుకుని పోయాను. బ్యాటరీ ట్రే కింద బాడీకి బోల్టు వేసిన రింగు దగ్గర తేలింది. పైకి బాగుంది. తొడుగు కోస్తే లోపల పచ్చటి పొడి. మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోసి, కొత్త రింగు నొక్కి, సోల్డరు పెట్టి, స్లీవు ఎక్కించి, బాడీ మీద పెయింటు గీకి బోల్టు బిగించి గ్రీజు రాశాను. ఇప్పుడు బల్బు తెల్లగా వెలిగింది. కోడ్లు చెరిపేశాను. దీపాలన్నీ ఆరిపోయాయి. పెట్టె పాతదే.

మాస్టారు చాలాసేపు ఆ కుళ్ళిన వైరు ముక్క చేతిలో పట్టుకుని చూశారు. 'అయితే దాని తప్పేం లేదన్నమాట. పారేసేవాళ్ళం కదా!' అన్నారు.

ఆ సంగతి అక్కడితో అయిపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మాస్టారు నాతో చాలాసార్లు అన్న మాట ఒకటుంది. 'భాయ్, నువ్వు వేరు. కాని మీ వాళ్ళు మాతో కలవరు. అందరూ ఒకేచోట గుంపుగా ఉంటారు. కాస్త బయటికి రావాలి.' నేను వేరు అనడం నాకు గౌరవమని ఆయన అనుకునేవారు. 2025 వేసవిలో ఆయన ఇంటి పైపోర్షన్ ఖాళీ అయింది. గేటుకి టు-లెట్ బోర్డు పెట్టారు. మా అమ్మాయి ఆ దగ్గర్లోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. అల్లుడికి బ్యాంకులో పని. ఇద్దరూ ఇల్లు వెతుక్కుంటున్నారు. పాతికేళ్ళ పరిచయం కదా అని నేనే ఫోన్ చేసి అడిగాను.

ఆయన కాదనలేదు. 'మన అమ్మాయే కదా' అన్నారు ముందు. తర్వాత 'మా ఆవిడకి మడీ ఆచారం కొంచెం ఎక్కువ' అన్నారు. 'వంటల దగ్గర ఇబ్బంది' అన్నారు. 'నాకేం పట్టింపు లేదు, నీకు తెలుసు, చుట్టుపక్కల వాళ్ళు...' అన్నారు. సర్లెండి మాస్టారూ అన్నాను. పది రోజుల తర్వాత ఆ పోర్షన్‌లోకి వేరేవాళ్ళు వచ్చారు. వాళ్ళు కూడా మాంసం తినేవాళ్ళే.

సేమ్యా, శాంతి ఊరేగింపు, అమ్మీ కాళ్ళకి దణ్ణం. ఇవన్నీ నిజం. ఇవేవీ నటన కాదు. మీటరు పెట్టి చూస్తే పన్నెండున్నర వోల్టులు. బీప్ కూడా అంటుంది. వాటి మీద అంతవరకూ ఎవరూ లోడు పెట్టలేదు, అంతే. ఒక ఇల్లు అడిగేసరికి బల్బు ఎర్రబడింది.

అమ్మాయి ఇప్పుడు మా వాళ్ళ పేటలోనే ఉంది. బస్సు మారి స్కూలుకి పోతుంది. రేపు ఆ దారిన పోయే ఎవరో ఆ పేటని చూసి 'వీళ్ళు ఎవరితోనూ కలవరు, గుంపుగా ఉంటారు' అనుకుంటారు.

క్యాన్ లైనులో ఒక ఏర్పాటు ఉంది. దీన్ని నేను మా కుర్రాళ్ళకి తప్పకుండా చెబుతాను. ప్రతి పెట్టెలోనూ ఒక లెక్క నడుస్తుంటుంది. తను పంపిన మాట చెడిపోతే ఆ లెక్కకి ఎనిమిది కలుస్తుంది. మాట సరిగ్గా చేరితే ఒకటి తగ్గుతుంది. చెడితే ఎనిమిది, చేరితే ఒకటి. ఆ లెక్క 255 దాటిందా, ఆ పెట్టె తనంతట తానే లైను మీద నుంచి తప్పుకుంటుంది. బస్-ఆఫ్ అంటారు. పెట్టె చెడిపోనక్కర్లేదు. అది ఉన్న కొసలో వైరు చెడితే చాలు. బయటి నుంచి స్కానర్ పెట్టి చూసేవాడికి మాత్రం ఒకటే కనబడుతుంది. వీడు మాట్లాడటం లేదు. మళ్ళీ లైను మీదికి రావాలన్నా వెంటనే రాదు. లైను నిమ్మళంగా ఉందని విని విని, అప్పుడు వస్తుంది.

మా పిల్లల్లోనూ ఆ లెక్క నడుస్తుంటుంది. క్రికెట్ మ్యాచ్ రోజు 'మీ టీం గెలిచింది' అంటే ఎనిమిది. ఇల్లు లేదంటే ఎనిమిది. పేరు వినగానే బ్యాంకు గుమాస్తా ముఖం మారితే ఎనిమిది. పండగ పూట ఎవరో 'ఈద్ ముబారక్' అంటే ఒకటి తగ్గుతుంది. తగ్గడం నిజమే, కాదనను. కాని ఎనిమిదికీ ఒకటికీ ఉన్న తేడాని పండగ పలకరింపులతో పూడ్చలేం.

ఇదంతా ఒకవైపు మాటే చెప్పి ఊరుకుంటే నా పనికి నేను న్యాయం చేసినవాణ్ణి కాను. మా కౌమ్‌లో మాత్రం వైర్లన్నీ శుభ్రంగా ఉన్నాయా? మసీదులో భుజం భుజం కలిపి నిలబడతాం. అది చూసి మురిసిపోతాం. అదీ లోడు లేని వోల్టే. సయ్యద్ ఇంట్లో దూదేకుల పిల్లవాడికి పిల్లనిస్తారా అని అడగండి. 'వాళ్ళకి ఉర్దూ రాదు, వాళ్ళేం ముస్లింలు' అనే మాట నేను మా షెడ్డులో, మా వాళ్ళ నోటే విన్నాను. నా దగ్గర పనిచేసే కుర్రాడు దూదేకుల పిల్లాడు. ఇంట్లో తెలుగే. హిందువులకి వాడు తురకోడు, మా వాళ్ళకి సగం ముస్లిం. వాడి లెక్కలో రెండు వైపుల నుంచీ ఎనిమిదులే కలుస్తాయి. వాణ్ణి చూస్తూ నేను ఒక్క వైపు తుప్పు మాత్రమే చూపించలేను.

ఆ కుర్రాడు ఇప్పుడు సర్క్యూట్ బొమ్మ చదువుతాడు. బొమ్మలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. రాత్రిపూట కూర్చోబెట్టి ఒక్కో పిన్నూ, ఒక్కో వైరు రంగూ చెప్పాను. మూడేళ్ళు పట్టింది. రక్తంలో ఉంటే మూడు రోజులు చాలి ఉండేది. వాడికి ఉద్యోగం ఇవ్వమని ఒక షోరూముకి పంపితే పని చూడకుండానే సర్టిఫికెట్టు లేదన్నారు. అదే షోరూము నుంచి వాళ్ళకి దొరకని తప్పులు మా షెడ్డుకి వస్తుంటాయి. వాడే పట్టిస్తాడు. బిల్లు మీద పేరు మాత్రం వాళ్ళది. ఇప్పుడు వాణ్ణి ఐటీఐలో చేర్పించాను. పొద్దున క్లాసు, సాయంత్రం షెడ్డు.

మాస్టారి గురించి మీరు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటే తొందరపడ్డారు. అది కూడా కోడ్ చదివి పెట్టె పీకడమే. మొన్న ఆయన బండి సర్వీసుకి తెచ్చారు. కాసేపు తటపటాయించి, 'అమ్మాయికి ఇల్లు దొరికిందా?' అన్నారు. దొరికింది మాస్టారూ, మా వాళ్ళ దగ్గరే అన్నాను. 'మా వాళ్ళ దగ్గరే' అన్న మాట ఆయనకి తగిలింది. 'నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది భాయ్. ఇంట్లో నేను అసలు అడగనేలేదు. అడిగితే కాదంటుందని నేనే అనుకున్నాను' అన్నారు. పాతికేళ్ళలో ఆయన నాతో అన్న మాటలన్నిటిలోకీ నాకు ఇది విలువైనది. ఎక్కడ కుళ్ళిందో ఆయనే వైరు కోసి చూపించారు. అది కొత్త రింగు వేసినట్టు కాదు. కాని తప్పు ఎక్కడుందో తెలియకుండా ఏ రిపేరూ మొదలవదు.

ఇది చదివే హిందూ మిత్రులారా, అభ్యుదయ మిత్రులారా! మిమ్మల్ని నేను ప్రేమలూ దోస్తీలూ ఇంకా అడగను. అవి మీరు ఇస్తూనే ఉన్నారు. మీ పైపోర్షన్ ఖాళీ అయినప్పుడు, మీ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయినప్పుడు, మీ వీధిలో ఒక కుర్రాణ్ణి పేరు చూసి పట్టుకెళ్ళినప్పుడు, అప్పుడు మీ దగ్గర ఎన్ని వోల్టులు మిగిలాయో చూసుకోండి. ఇంట్లో అడగండి. చుట్టుపక్కల వాళ్ళని అడగండి. అడగకుండానే వాళ్ళు ఒప్పుకోరని మీరే తీర్పు చెప్పేయకండి. వాళ్ళు కాదంటే, ఎందుకు కాదన్నారో అక్కడి నుంచి పని మొదలుపెట్టండి. నా కౌమ్ వాళ్ళని కూడా ఇదే అడుగుతున్నాను, మన ఇళ్ళల్లో, మన పెళ్ళిళ్ళల్లో.

ఒంగోవాలి, కార్పెట్లు ఎత్తాలి, చేతులు మురికి చేసుకోవాలి. పెట్టె పీకి అవతల పారేసినంత తేలిక కాదు. కాని పారేసిన పెట్టె స్థానంలో కొత్తది తెచ్చి పెట్టినా, ఆ కుళ్ళిన ఎర్త్ మీద అది కూడా మాట్లాడదు.